బీహారోళ్లు మన బియ్యం తింటున్నారా? రేషన్ కౌంటర్ వెనుక నుంచి అపోహలు, వాస్తవాలు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర రేషన్ షాపు నడిపేవాళ్లు నెలనెలా వినే మాట ఒకటుంది. లైన్‌లో బీహార్ హమాలీ కనిపిస్తే చాలు, వెనకాల నుంచి ఎవరో ఒకరు అననే అంటారు: “మాకే కార్డులొస్తలేవు, వీళ్లకు పోసుడేంది? మన కోటా అంతా బయటోళ్లే తింటున్నరు.” పక్కనున్నవాళ్లు తలూపుతారు. ఆ కుర్రాడికి తెలుగు రాకపోయినా తన గురించే అంటున్నారని అర్థమవుతుంది, తల వంచుకుని నిలబడతాడు. డీలర్‌గా నాకు ఈ మాటతో విసుగొచ్చింది. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది బీహార్ వాళ్లు కాదు, మన నల్గొండ, పాలమూరు కుటుంబాలే. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. జనం కోపం ఊరికే రాలేదు. తెలంగాణ వచ్చాక ఏళ్ల తరబడి కొత్త కార్డులు రాలేదు. 2021లో కొన్ని ఇచ్చారు, మళ్లీ ఆగిపోయాయి. 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ పెద్దఎత్తున మొదలుపెట్టేదాకా, పెళ్లయి పిల్లలు బడికి పోతున్న జంటలకు కూడా సొంత కార్డు లేదు. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ ఆఫీసులో వాకబు, సోమవారం ప్రజావాణిలో ఇంకో కాగితం. ఇన్నేళ్లు తిరిగినవాడికి ఎదురుగా వేరే రాష్ట్రం మనిషి సంచి పట్టుకుని బియ్యం తీసుకుపోతుంటే మండదా? మండుతుంది. కానీ ఆ మంట పెట్టింది ఆ హమాలీ కాదు.

కార్డులు ఎందుకు ఆగాయో చూడండి. 2013 ఆహార భద్రత చట్టం దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా వరకే పరిమితి పెట్టింది. దాన్ని రాష్ట్రాల వారీగా పంచి 2011 జనాభా లెక్కల మీద కట్టేశారు. మన రాష్ట్రానికి వచ్చిన సంఖ్య 1.91 కోట్ల మంది. ఆ తర్వాత పుట్టినవాళ్లెందరు, పేదలైనవాళ్లెందరు అని ఆ సంఖ్య పెరగలేదు. అంతకు మించి కార్డు ఇవ్వాలంటే రాష్ట్రం తన డబ్బుతో ఇవ్వాలి. మీ కార్డు ఆగింది ఆ పరిమితి దగ్గర, రాష్ట్రం చేసిన ఆలస్యం దగ్గర. అడగాల్సింది కూడా అక్కడే.

ఇక అసలు అపోహకు వద్దాం: “బయటోళ్లు మన కోటా తింటున్నరు.”

తినడం లేదు. ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే వన్ నేషన్ వన్ రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో మొదలైంది. ఒకరి కార్డులు ఒకరి దగ్గర చెల్లేలా మొదట కలిసిన రాష్ట్రాల జంటల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్‌కల్లా దేశమంతా వచ్చేసింది. బీహార్ కార్డున్న మనిషి నా షాపులో వేలు పెడితే మిషన్ తెలంగాణ ఖాతా తెరవదు. అతని ఊరి కార్డు తెరుస్తుంది. అందులో అతని భార్య పేరు, పిల్లల పేర్లు, ఈ నెల ఇంకా ఎంత మిగిలిందీ కనిపిస్తాయి. ఇక్కడ అయిదు కిలోలు తీసుకుంటే అక్కడ అతని ఇంటి లెక్కలో అయిదు తగ్గుతాయి. అక్కడా ఇక్కడా రెండుసార్లు తీసుకోవడం కుదరదు. అతనికి వచ్చేది కేంద్రం మనిషికిచ్చే అయిదు కిలోలే. మనకు ఆరు కిలోలు వస్తున్నాయంటే రాష్ట్రం కలిపి ఇస్తున్నది కాబట్టి. ఆ పైకిలో అతనికి రాదు. అతనికి తూచిన బియ్యం లెక్క కేంద్రంతో తేలుతుంది, మీ యూనిట్లలో (కార్డులో ఒక్కో మనిషి ఒక యూనిట్) నుంచి ఒక్క గింజ పోదు. ఎవరికి తూచినా నా కమీషన్ ఒక్కటే, కాబట్టి ఎవరినో వెనకేసుకురావాల్సిన అవసరం నాకు లేదు.

“మరి పదో తారీఖుకే స్టాక్ అయిపోయిందంటవ్ కదా?” అని అడుగుతారు. అది నిజంగా ఇబ్బందే. షాపుకు స్టాక్ వచ్చేది దాని మీదున్న కార్డులను చూసి. బయటి కార్డులు ఎక్కువ వచ్చిన నెల బియ్యం ముందే అయిపోతాయి, మళ్లీ గోదాం నుంచి లారీ వచ్చేదాకా ఆగాలి. కానీ నా షాపుకు వచ్చే బయటి కార్డుల్లో ఎక్కువ బీహార్‌వి కావు. దేవరకొండ, హాలియా, నిడమనూరు దిక్కు నుంచి కూలికీ, పిల్లల చదువులకూ టౌన్‌కు వచ్చి కిరాయికుంటున్న మనవాళ్లవే. వాళ్లకు ఆ హక్కుంది. స్టాక్ అయిపోతే డీలర్‌ను అడగండి, అతను చెప్పకపోతే రేషన్ హెల్ప్‌లైన్ 1967కు ఫోన్ చేయండి. లైన్‌లో నిలబడినవాణ్ని తిడితే లారీ రాదు.

ఇప్పుడు మనకు నష్టం ఎక్కడో చెప్తాను. ఇదే పుకారు తిరగేసి మన వలస కూలీల చెవిలో ఊదారు: “ముంబైలనో, పుణెలనో బియ్యం తీస్కుంటే ఇక్కడ కార్డు కట్ అయితది.” దేవరకొండ తండాల నుంచి, కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయేవాళ్లలో ఎంతోమంది దీన్ని గట్టిగా నమ్ముతారు. అక్కడ సైటు పక్కనే రేషన్ షాపున్నా తొక్కరు.

మొన్న ఒక తండా అవ్వ వచ్చింది. కొడుకు, కోడలు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. మనవలిద్దరు అవ్వ దగ్గరే. కార్డులో అయిదు యూనిట్లు, ముప్పై కిలోలు. అవ్వ వేలు మిషన్ పట్టలేదు. వేలు చీర కొంగుకు తుడుచుకుంది, తడి చేసింది, మళ్లీ పెట్టింది, మళ్లీ ఎర్ర లైటే. చివరికి కంటిపాపను చూసే ఐరిస్ మిషన్ పెట్టి చూస్తే వచ్చింది. తూకం వేస్తుంటే ఫోన్ మోగింది. కొడుకే. అక్కడ కిలో బియ్యం యాభైకి కొంటున్నామని, అడ్వాన్సు కోతకే కూలి సరిపోతున్నదని చెప్తున్నాడు. ఇక్కడ అవ్వేమో అంత బియ్యం ఒండుకోలేక సగం చుట్టుపక్కలవాళ్లకు అగ్గువకు ఇచ్చేస్తున్నది. నేను ఫోన్ తీసుకుని, “తమ్మీ, నీ కార్డు మీద నీ వాటా అక్కడే తీస్కోవచ్చు” అన్నాను. “వద్దన్నా, కార్డు పోతది, మా మేస్త్రి చెప్పిండు” అన్నాడు. ఎంత చెప్పినా గొంతులో భయం తగ్గలేదు. ఆ పిల్లల అన్నం ఆ కార్డు మీదే ఆధారపడి ఉంది, భయపడడంలో తప్పు లేదు. భయపెట్టినవాళ్లది తప్పు.

వేరే రాష్ట్రంలో తీసుకుంటే కార్డు రద్దు కాదు. ఇంకా చెప్పాలంటే ప్రమాదం ఎక్కడా తీసుకోకపోతేనే ఉంది. 2025 జులైలో కేంద్రం రేషన్ నిబంధనలు మార్చింది. ఆరు నెలలు అసలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేసి, మూడు నెలల్లోగా ఇంటికొచ్చి విచారణ చేసి, ఈ-కేవైసీ (వేలిముద్ర పెట్టించి ఆధార్‌తో సరిచూడడం) చూసి ఉంచాలో తీసేయాలో తేల్చాలి. అంటే ఇంటిల్లిపాదీ తాళమేసి పోయి, కార్డు పోతుందన్న భయంతో అక్కడా తీసుకోకపోతే, ఆ భయమే కార్డు మీదికి తెస్తుంది. విచారణకు వచ్చినవాళ్లకు ఇంటి తలుపుకు తాళం కనిపిస్తే ఏం రాసుకుంటారో మీకే తెలుసు. ఇంట్లో ముసలివాళ్లో పిల్లలో ఉండి తీసుకుంటుంటే ఈ టెన్షన్ లేదు.

రెండు విషయాలు మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, ఇక్కడ అవ్వ మొత్తం ముప్పై కిలోలు తీసుకుంటే అక్కడ కొడుకు వేలు పెట్టినప్పుడు మిషన్ సున్నా చూపిస్తుంది. అప్పుడు “అక్కడి డీలర్ దొంగ” అనుకుంటారు. ముందే ఫోన్‌లో మాట్లాడుకుని, కొడుకు తన వాటా తీసుకున్నాకే ఇక్కడ మిగతాది తీసుకోవాలి. వాటా విడదీసి తీసుకోవడానికి ఈ పథకంలో వీలుంది. రెండు, ఇతర రాష్ట్రాల్లో చెల్లేది కేంద్ర చట్టం కింద ఉన్న కార్డులే. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు తెలంగాణ దాటితే పనిచేయదు, రాష్ట్రంలో ఎక్కడైనా పనిచేస్తుంది. మీది ఏ రకమో ఈ పథకం హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేసి అడగొచ్చు, మేరా రేషన్ యాప్‌లో ఆధార్‌తో చూసుకోవచ్చు. ఈ తేడా చెప్పకుండా “దేశమంతా చెల్లుతది” అని మైకుల్లో చెప్పేయడం వల్ల అక్కడిదాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లున్నారు. వాళ్లే ఊరికొచ్చి “అదంతా ఉత్తదే” అని చెప్తారు, పుకారు ఇంకాస్త బలపడుతుంది.

ఈ-కేవైసీ గురించి కూడా ఇదే తంతు. “ఈ నెలాఖరుకల్లా వేలు పెట్టకపోతే పేరు పోతది” అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగితే చాలు, ముంబై నుంచి బస్సెక్కి నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లున్నారు. ఈ-కేవైసీ చేయించుకోవాలి, అది నిజం. దానికి సొంత ఊరి షాపుకే రావాలన్నది నిజం కాదు. రాష్ట్రంలో ఏ షాపులోనైనా చేస్తారు. బయట ఉన్నవాళ్లు ముందు అక్కడి రేషన్ షాపులో అడిగి, అవదన్నాకే టికెట్ కొనండి. అయిదేళ్ల లోపు పిల్లలకు ఇప్పుడు వేలిముద్ర అక్కర్లేదు. అయిదు నిండిన ఏడాదిలోగా చేయించాలి.

కొత్త కార్డు రాకపోతే “బయటోళ్లకు ఇచ్చేసిండ్రు” అనుకునే ముందు ఒకటి చూసుకోండి. నా దగ్గరికి వచ్చే తిరస్కరణల్లో చాలా వాటికి కారణం ఒకటే: కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. ఆధార్ ఒక కార్డులో ఉండగా ఇంకోదాంట్లో ఎక్కదు. ముందు పుట్టింటి కార్డులో తొలగింపుకు దరఖాస్తు పెట్టాలి, అది పూర్తయ్యాక ఇక్కడ చేర్పు. పుట్టింటివాళ్లు “ఒక యూనిట్ తగ్గుతది” అని సాగదీస్తారు, ఇక్కడ ఈమెకూ పిల్లలకూ కార్డు రాదు. ఆ పంచాయితీ తేల్చుకోకుండా దళారీకి రెండు వేలు ఇస్తే పని అవుతుందనుకోవడం డబ్బు నీళ్లలో పోసుకోవడమే. అర్హత కూడా చూసుకోండి: పల్లెలో ఏడాది ఆదాయం లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు దాటకూడదు, తరి (నీటి వసతి ఉన్న) భూమి మూడున్నర ఎకరాలు, కుష్కి (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాల లోపు ఉండాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

“బీహారోళ్లకు రైతు భరోసా, పింఛన్ కూడా ఇస్తున్నరు.” రైతు భరోసా పట్టాదారు పాసు పుస్తకం చూసి ఎకరానికి పంటకు ఆరు వేల చొప్పున పడేది. ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కూలీకి ఇక్కడ పాసు పుస్తకం ఎక్కడిది? పింఛన్ల సంగతీ అంతే.

“ఆధార్ ఇక్కడి అడ్రస్‌కు మార్చుకుంటే చాలు, ఎవడైనా రేషన్ కొట్టేయొచ్చు.” రేషన్ కార్డు ఉండాలి, అందులో ఆ మనిషి పేరుండాలి. ఉత్త ఆధార్‌కు ఎవరూ బియ్యం పోయరు.

“ఈ-శ్రమ్ కార్డు చేయించుకుంటే నెలకు మూడు వేలు పడతయ్.” పడవు. అది అసంఘటిత కార్మికుల నమోదు మాత్రమే. మూడు వేల పింఛన్ వేరే పథకం, అందులో 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరి నెలనెలా కట్టుకుంటే అరవై దాటాక వచ్చేది. నమోదుకు డబ్బులు అడిగితే ఇవ్వకండి.

ఇందిరమ్మ ఆత్మీయ భరోసా విషయంలో మాత్రం పాలమూరు వలస కూలీల కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. భూమి లేని కూలీలకు ఏడాదికి పన్నెండు వేలన్నారు, 2023-24లో ఇరవై రోజులు ఉపాధి హామీ పనికి పోయి ఉండాలన్నారు. ఊళ్లో పని దొరక్క ముంబై పోయినవాడు ఆ ఇరవై రోజులు ఎక్కడి నుంచి తెస్తాడు? అందరికంటే బీదవాడు ఆ షరతు దగ్గరే రాలిపోయాడు. దీని మీద గ్రామసభలో, ప్రజావాణిలో గట్టిగా అడగాలి. మన జిల్లా నుంచి పోయినవాడికీ మిల్లులో బస్తాలు మోసే బీహారీకీ కష్టం ఒక్కటే. ఊరు విడిచాడన్న కారణానికే కాగితాల్లో నుంచి జారిపోతున్నారు ఇద్దరూ.

మీవాళ్లెవరైనా బయట పనిలో ఉంటే ఈ నెల బియ్యం తీసుకునే ముందు వాళ్లకో ఫోన్ కొట్టండి. రేషన్ కార్డు నంబరు, ఆధార్ నంబరు రాసి పంపండి. కార్డు అసలు కాపీ తీసుకుపోవాల్సిన పని లేదు. షాపులో నంబరు చెప్పి వేలు పెడితే చాలు. అక్కడి డీలర్ “మీది ఇక్కడ చెల్లదు” అంటే కారణం అడిగి, అక్కడి నుంచే 14445కు ఫోన్ చేయమనండి. తూకం పూర్తయ్యాక స్లిప్పు తప్పకుండా తీసుకుని, దాని ఫొటో ఇంటికి పంపమనండి. ఇక్కడ ఇంకా ఎన్ని కిలోలు మిగిలాయో మీ డీలర్ మిషన్‌లో చూసి చెప్తాడు.