కిట్టుకు చిక్కని ఫ్లోరిన్

ఫ్లోరిన్ రసాయనాలు చేసి, చుట్టుపక్కల నీళ్లను పాడుచేసి, ఇటలీలో మూతపడ్డ మిటేనీ కర్మాగారం యంత్రాలు మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా లోటేకు చేరాయన్న వార్త వచ్చాక, ఎక్కడో ఇవతల ఉన్న మన చంద్రాపూర్ జిల్లాలో కూడా నీళ్ల మాట మళ్లీ లేచింది. రాజురా, బల్లార్షా వైపు తెలుగు ఇళ్లలో ఫ్లోరైడ్ కొత్త పేరేం కాదు. బోరు నీళ్లు, గారపట్టిన పళ్లు అందరికీ తెలిసిన కథే. అందుకే వెంటనే ఒక మాట వినిపిస్తుంది: ‘నీటి పరీక్ష కిట్టుతో చూశాం, ఫ్లోరైడ్ లేదు, ఇక టెన్షన్ దేనికి?’

ఆ మాట ఎందుకు చాలదో తెలియాలంటే 1968కి వెళ్లాలి. అమెరికాలోని రాచెస్టర్‌లో డొనాల్డ్ టేవ్స్ అనే శాస్త్రవేత్త మనిషి రక్తంలో ఫ్లోరిన్ రెండు రూపాల్లో ఉందని కనిపెట్టారు. ఒకటి విడిగా తిరిగే ఫ్లోరైడ్. రెండోది మామూలు పరీక్షకు అందలేదు, రక్తాన్ని కాల్చి బూడిద చేస్తేనే తేలింది. ఆ రెండోది ఫ్లోరిన్ కర్బనానికి అతుక్కుని ఉండే పీఎఫ్ఓఏ అనే రసాయనం లాంటిదై ఉండొచ్చని, అంటే ఫ్యాక్టరీ సరుకై ఉండొచ్చని, 1976లో తోటి శాస్త్రవేత్తలు గై, బ్రేలతో కలిసి ఆయన రాశారు. అదే కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఎస్ తయారీ మానేస్తామని త్రీఎం కంపెనీ ప్రకటించడానికి 2000 దాకా పట్టింది. అన్నేళ్లూ అవి జనం ఒంట్లోకి చేరుతూనే ఉన్నాయి.

కర్బనం, ఫ్లోరిన్‌ల బంధం అంత మొండిది. దాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 485 కిలోజౌళ్లు కావాలి. కర్బనం, హైడ్రోజన్‌లకైతే 413 దాకా సరిపోతుంది. ‘మరిగిస్తే పోదా వదినా?’ అని పక్కింటావిడ నన్ను అడిగింది. పోదు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది.

కిట్టునే చూడండి. గులాబీ రంగు మందులో జిర్కోనియం ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. కర్బనాన్ని పట్టుకున్న ఫ్లోరిన్ దాన్ని వదిలి రాదు. గులాబీ గులాబీగానే ఉంటుంది. కిట్టు తప్పు చెప్పదు, దాన్ని అడిగిన ప్రశ్న వేరు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్గొండ పద్ధతి, అదే పటిక, సున్నం కలిపేది, ఫ్లోరైడ్‌కే. కర్బనాన్ని పట్టుకున్న ఈ రెండోదానికి బొగ్గు ఫిల్టరో ఆర్ఓనో కావాలి.

మోతాదు కూడా చూడండి. మన దేశంలో తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదంటారు. పీఎఫ్ఓఏకి అమెరికా 2024లో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు, అంటే రెండున్నర లక్షల రెట్లు తక్కువ. అంత సన్నని లెక్క తేల్చేది అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉన్న ల్యాబే. బావి నీళ్ల గురించి అడిగే ఆడవాళ్లకు చూపించాల్సింది ఆ ల్యాబ్ రిపోర్టు, కిట్టు కాగితం కాదు.