కాలు నిలబెడతాయంటున్న కణాలు: 2007లో తేలిందేమిటి?

షుగరు పుండు ముదిరి కాలు తీసేయాలన్నారా, ‘మీ మూలకణాలే తీసి పిక్కలో ఎక్కిస్తే కొత్త రక్తనాళాలు పుడతాయి’ అన్న మాట నెల్లూరు, ఒంగోలు వైపు మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. పొలం తాకట్టు పెట్టి అయినా చేయిద్దామనుకునే కుటుంబాలు ముందు 2007లో ఏం తేలిందో తెలుసుకోవాలి.

పెద్దవాళ్ల రక్తంలోనూ నాళం గోడగా మారగల కణాలు తిరుగుతున్నాయని 1997లో బోస్టన్‌లో అసహారా, ఐస్నర్ బృందం ప్రకటించింది. అక్కడి నుంచి వాటిని లెక్కపెట్టడం మొదలైంది. రక్తంలోని కణాలను ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ పూసిన పళ్లెంలో 48 గంటలు ఉంచి, అంటుకోని వాటిని మరో పళ్లెంలో వేసి, కొద్దిరోజుల్లో ఏర్పడిన గుంపులను లెక్కించేవారు. లోపం ఇక్కడే ఉంది. గోడ కణాలకు గుర్తులుగా పెట్టుకున్న రంగులను మోనోసైట్లు అనే తెల్లకణాలు కూడా పీల్చుకుంటాయి. పైగా ప్లేట్‌లెట్ల తునకలు అంటుకుంటే ఏ తెల్లకణమైనా గోడ కణంలా కనిపిస్తుంది.

2007లో ఇండియానా విశ్వవిద్యాలయంలో యోడర్, ఇంగ్రామ్ బృందం దీన్ని సూటిగా పరీక్షించింది. ఎర్రకణాలు మితిమీరి పెరిగే పాలిసైథీమియా వేరా అనే జబ్బులో జాక్2 జన్యుమార్పు రక్తకణాల వంశంలో ఉంటుంది. ఆ రోగుల రక్తాన్ని పెంచితే, త్వరగా ఏర్పడే గుంపుల్లో ఆ మార్పు దొరికింది. అంటే అవి రక్తకణాల సంతతే. నాళాలు కట్టలేదు కూడా. రెండు మూడు వారాలకు ఆలస్యంగా పుట్టే గుంపుల్లో ఆ మార్పు లేదు. నిజంగా నాళం కట్టింది అవే. కాకపోతే కోట్ల కణాలు వెతికితే అవి ఒకటీ అరా దొరుకుతాయి.

అలాగని త్వరగా గుంపులు కట్టే ఆ మిగతా కణాలు దండగ కాదు. నాళం చీరుకున్న చోట ఎస్‌డీఎఫ్-1 అనే సంకేతం విడుదలవుతుంది. ఆ కణాలు దాన్ని పట్టుకుని వచ్చి, అతుక్కుని, నాళాల పెరుగుదలను ప్రేరేపించే వీఈజీఎఫ్ లాంటి పదార్థాలు వదులుతాయి. పక్కనున్న గోడ కణాలు విభజన చెంది గాయాన్ని కప్పుతాయి. ఇవి పనివాళ్లను పిలిచే మేస్త్రీలే తప్ప ఇటుకలు కావు. షుగరు ఉన్నవారిలో ఎముక మజ్జ నుంచి వీటి విడుదలే తగ్గుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ కూడా వీటి సంఖ్యను తగ్గిస్తాయి. మానేస్తే నాలుగు వారాల్లోనే సంఖ్య పెరిగినట్టు 2004లో జపాన్ పరిశోధకులు చూపారు. పొగాకు పండించే కందుకూరు, పొదిలి వైపు ఇది ఊరూరా చెప్పాల్సిన విషయం.

ఇంజెక్షన్ వైపువారు 2002 నాటి జపాన్ ప్రయోగాన్ని చూపిస్తారు. తుంటి ఎముక నుంచి సుమారు 500 మిల్లీలీటర్ల మజ్జ తీసి పిక్క కండరంలో ఎక్కించగా నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. కానీ అందులో ఉత్తుత్తి మందు మాత్రమే తీసుకున్న విడి గుంపు లేదు. ఆ గుంపును పెట్టి నెదర్లాండ్స్‌లో 160 మందిపై చేసిన జువెంటాస్ ప్రయోగం 2015లో వెలువడింది. మజ్జ కణాలను తొడ ధమనిలోకి మూడు వారాలకోసారి చొప్పున మూడుసార్లు ఇచ్చారు. ఆరు నెలల్లో కాలు తీసేయాల్సి వచ్చింది కణాలు తీసుకున్నవారిలో 19 శాతానికి, ఉత్తుత్తి మందువారిలో 13 శాతానికి. గణాంకపరంగా అది తేడాయే కాదు. నొప్పి రెండు వైపులా ఒకేలా తగ్గింది.

2020లో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మందును కూడా ఈ ఇంజెక్షన్‌కు అండగా చూపుతున్నారు. అది వేరు. ఆరోగ్యవంతులైన దాతల మజ్జ నుంచి ఫ్యాక్టరీలో పెంచిన మెసెన్కైమల్ అనే రకం మూలకణాలవి. రోగి సొంత రక్తం తీసి అప్పటికప్పుడు తిప్పి ఎక్కించడానికి ఆ అనుమతి వర్తించదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం అలాంటిది అనుమతి పొందిన ప్రయోగంలోనే జరగాలి, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

కాబట్టి ముందు ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించిన నిష్పత్తి రాయించుకోండి. 0.9 కంటే తక్కువుంటే ధమని మూసుకుపోతున్నట్టే. షుగరువారిలో గోడలు సున్నం పట్టి గట్టిపడితే అది 1.3 దాటి బాగున్నట్టు చూపిస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి బీపీ చూడాల్సిందే. యాంజియోప్లాస్టీతోనో బైపాస్‌తోనో తెరవగల ధమనిని వదిలేసి ఇంజెక్షన్ల మీద వారాలు గడిపితే, వేలితో పోయేది మోకాలి దాకా వస్తుంది.