పాత బోటు కొన్నారా? ఇంజన్ విప్పే ముందు ఇవి చూడండి

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ గడువు ముగిసిన వారంలో నా రిపేరు షెడ్డు ముందు, బోటు వెనక బిగించే అవుట్‌బోర్డు మోటార్లు వరసకడతాయి. "అన్నా, కొని పది రోజులు కాలేదు, అప్పుడే ఆగిపోతోంది" అంటారు. అప్పు చేసి బోటు కొన్నవాళ్ల టెన్షన్ చూస్తే మనసు ఊరుకోదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ మోటార్లలో చాలావాటికి ఇంజన్ విప్పే పనే ఉండదు.

అపోహ: ఒక్క లాగుకే స్టార్ట్ అయింది, అంటే ఇంజన్ బాగున్నట్టే.

వాస్తవం: మీరు వెళ్లేసరికే ఒకసారి నడిపి ఉంటే, వేడి మీదున్న ఇంజన్ తేలిగ్గానే అందుకుంటుంది. వెళ్లగానే పై మూత తీయించి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉన్నప్పుడే, అదీ నీళ్లలోనే స్టార్ట్ చేయించండి. ఒడ్డున పొడిగా తిప్పితే నీళ్లు లాగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు మాడిపోతాయి. తర్వాత మనుషుల్నీ వలల్నీ ఎక్కించి అరగంటైనా నడిపి చూడాలి.

అపోహ: నడుస్తూ నడుస్తూ ఆగిపోతే కార్బురేటర్ పోయినట్టే.

వాస్తవం: ఉప్పాడ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. అప్పటికే కార్బురేటర్ రెండుసార్లు విప్పించాడు, ప్లగ్గులు కొత్తవి వేయించాడు. అయినా పావుగంట నడిచి ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తోంది. నేనూ బోటెక్కాను. ఇంజన్ ఆగిన క్షణంలో పెట్రోలు పైపు మీద చేత్తో పిండే రబ్బరు బుడ్డి, అదే ప్రైమర్ బల్బు, పట్టుకుని చూస్తే, పిండేసిన నిమ్మచెక్కలా అణిగిపోయి ఉంది. టాంకీ మూత మీద గాలిని లోపలికి వదిలే మర గట్టిగా బిగించేసి ఉంది! పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు కదలదు. మర రెండు చుట్లు వదిలానో లేదో, సుయ్‌మని గాలి లోపలికి పోయింది, బల్బు ఉబ్బింది. ఆ రోజంతా ఇంజన్ ఆగలేదు.

మర బాగానే ఉంటే టాంకీలో నీళ్లున్నాయేమో చూడండి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే దాంతో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఇంజన్‌కు పైపు లాగేది ఆ అడుగు నుంచే. టాంకీ అడుగు పెట్రోలు గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు విడిగా కనిపిస్తాయి. నిషేధమంతా టాంకీలో నిలవున్న పెట్రోలును నమ్మకండి. దాన్ని సముద్రంలో మాత్రం పారబోయకండి.

అపోహ: పొగ వస్తోంది, ఆయిల్ తగ్గిస్తే సరి.

వాస్తవం: పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కూ బేరింగులకూ ఆ ఆయిలే ప్రాణం. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు పోయాల్సిందే. తగ్గిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

అపోహ: ఇంజన్ను చల్లబరిచి వెనక చిమ్మే నీటిధార సన్నబడితే ఇంపెల్లర్ మార్చాలి.

వాస్తవం: ముందు ఇంజన్ ఆపండి. ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి ఉప్పు, ఇసుక తీయండి. అప్పటికీ ధార రాకపోతేనే ఇంపెల్లర్ సంగతి.

అపోహ: గేరు ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే కొత్తది పోస్తే చాలు.

వాస్తవం: తెల్లబడిందంటే లోపలికి నీళ్లు చేరినట్టే. ప్రొపెల్లర్ విప్పి చూడండి. చాలాసార్లు షాఫ్టుకు వల నైలాన్ దారం చుట్టుకుని, నీళ్లను ఆపే రబ్బరు సీలును కోసేసి ఉంటుంది. సీలు మార్చకుండా ఎన్నిసార్లు ఆయిల్ పోసినా నీళ్లు వస్తూనే ఉంటాయి, గేర్లు తుప్పు పడతాయి. వేట నుంచి వచ్చాక ప్రొపెల్లర్ వెనక షాఫ్టు మీద ఒకసారి చూసి, దారం కనిపిస్తే అప్పుడే తీసేయండి.