యాంటీబాడీకి ఆకారం కనిపిస్తుంది, మాస్ స్పెక్‌కి బరువు కనిపిస్తుంది

ఒకే రక్తాన్ని రెండు ల్యాబుల్లో ఇస్తే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ లెక్క రెండు రకాలుగా రావచ్చు, ఎవరో ఒకరు టెస్టు సరిగ్గా చెయ్యలేదని అనుకుంటాం కానీ చాలాసార్లు తేడా కొలిచే పద్ధతిలోనే ఉంటుంది.

ఎక్కువగా చేసేది ఇమ్యునోఅస్సే. ఒక యాంటీబాడీ హార్మోన్ ఆకారాన్ని గుర్తుపట్టి పట్టుకుంటుంది, ఎంత పట్టుకుందో దాన్నిబట్టి లెక్క చెప్తారు. రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్ కోసం 1950ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, 1977లో యాలోకి నోబెల్ వచ్చింది కూడా, అప్పటికి బెర్సన్ లేరు. ఇన్సులిన్ లాంటి ప్రోటీన్ హార్మోన్లకి ఇప్పటికీ ఎక్కువగా ఇదే వాడతారు.

ఇబ్బందల్లా టెస్టోస్టిరాన్ లాంటి స్టెరాయిడ్ హార్మోన్లతోనే. అన్నీ కొలెస్ట్రాల్ నుంచే పుడతాయి, అన్నిటికీ అవే నాలుగు రింగులు, అంచుల్లో ఓ ఆక్సిజనో రెండు హైడ్రోజన్లో తేడా, అంతే. యాంటీబాడీ ఒక్కోసారి ఒకదాన్ని ఇంకోటి అనుకుని పట్టుకుంటుంది, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే కార్టిసాల్ ఎక్కువ చూపించడం అలాంటిదే. మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ డెసీలీటరుకి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు కాబట్టి కొంచెం అటూఇటూ అయినా నడిచిపోతుంది, కానీ ఆడవాళ్ళలో 15 నుంచి 70 మాత్రమే, చిన్నపిల్లల్లో ఇంకా తక్కువ, అక్కడ 20 నానోగ్రాములు తేడా వస్తే నార్మల్ కాస్తా అబ్‌నార్మల్ అయిపోతుంది, పీసీఓఎస్ (ఆడవాళ్ళలో వచ్చే ఒక హార్మోన్ల సమస్య) అనుమానం ఉన్నప్పుడు చూసేది సరిగ్గా ఆ రేంజే మరి.

రెండో పద్ధతి మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఇది అణువుకి చార్జ్ ఇచ్చి బరువు చూస్తుంది. టెస్టోస్టిరాన్ 289 దగ్గర కనిపిస్తుంది, దాన్ని గ్యాస్‌తో ఢీకొట్టించి ముక్కలు చేస్తే 97, 109 బరువున్న ముక్కలొస్తాయి. బరువొక్కటే సరిపోదా అంటే సరిపోదు, డీహెచ్ఈఏ అనే ఇంకో హార్మోన్ బరువు కూడా అచ్చంగా అంతే, అందుకే ముందు లిక్విడ్ క్రోమటోగ్రఫీ కాలమ్‌లో (ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొచ్చే గొట్టంలో) పంపి రెండిటినీ విడదీస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంటర్నల్ స్టాండర్డ్. శాంపిల్ మీద ఇంకే పనీ మొదలుపెట్టకముందే అందులో ముందే కొలిచిపెట్టుకున్నంత టెస్టోస్టిరాన్ కలిపేస్తారు, కాకపోతే దాన్లో మూడు మామూలు కార్బన్ల బదులు కాస్త బరువెక్కువున్న కార్బన్-13 ఉంటుంది, అంటే కెమిస్ట్రీలో కవల పిల్లే, బరువు మాత్రం 3 యూనిట్లు ఎక్కువ కాబట్టి 292 దగ్గర విడిగా కనిపిస్తుంది. తర్వాత ప్రోటీన్లు తీసేటప్పుడు సగం హార్మోన్ పోయిందనుకోండి, కవలలో కూడా సగం పోతుంది. రక్తంలోని కొవ్వులు సిగ్నల్‌ని తగ్గిస్తే రెండిటికీ ఒకేలా తగ్గుతుంది, ఎందుకంటే రెండూ కాలమ్ నుంచి ఒకే క్షణంలో బయటికొస్తాయి. రెండిటి నిష్పత్తి మారదు, మనకి కావాల్సిందల్లా ఆ నిష్పత్తే.

అయినా క్యాలిబ్రేషన్ తప్పితే ఈ మెషీన్ కూడా తప్పే చెప్తుంది. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నడిపే స్టాండర్డైజేషన్ ప్రోగ్రామ్‌లో పాస్ అవ్వాలంటే టెస్టోస్టిరాన్‌లో అసలు విలువతో సగటు తేడా 6.4 శాతం దాటకూడదు. ఆడవాళ్ళకో పిల్లలకో ఈ టెస్ట్ రాస్తే ఎల్‌సీ-ఎంఎస్ఎంఎస్‌లో, అంటే పైన చెప్పిన లిక్విడ్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ పద్ధతిలో చేస్తారా అని ముందే అడగండి, మళ్ళీ చేయించినప్పుడు కూడా అదే పద్ధతిలో చేయించండి, లేకపోతే పాత నంబర్నీ కొత్త నంబర్నీ పోల్చలేం.