పెద్ద కాఫీ రోస్టరీ చూడబోతున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మహానగరాల నడిబొడ్డున కాఫీ సంస్థలు నెలకొల్పే భారీ రోస్టరీలోకి, అంటే కాఫీ గింజలు వేయించే కేంద్రంలోకి అడుగుపెట్టిన వారెవరైనా ముందుగా తలెత్తి పైకి చూస్తారు. కప్పు పొడవునా సాగే గొట్టాలు, వాటిలో గలగలమంటూ పరుగులు తీసే గింజలు, రెండు మూడు అంతస్తుల ఎత్తున నిలబడిన లోహపు పీపాలు చూపు తిప్పుకోనివ్వవు. అలాంటి చోట గింజలు వేయించే పనిలో ఉన్న నేను, ఆ గొట్టాల కింద, గింజలు వేగే డ్రమ్ము పక్కనే నిలబడి రోజంతా సందర్శకులను చూస్తుంటాను. వారు అడిగే ప్రశ్నలు మంచివే. కానీ వాటి వెనుక ఉన్న కొన్ని అపోహల వల్ల అసలు చూడవలసిన దాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారని నాకు బాధ కలుగుతుంది. చూడవలసినది పైకప్పు దగ్గర లేదు. వేగిన గింజలను చల్లార్చే, నడుము ఎత్తున ఉండే పళ్లెంలో ఉంది.

అపోహ: ఇదంతా అలంకారమే, అసలు వేయించడం ఊరి బయట ఫ్యాక్టరీలో జరుగుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా విడదీసి చెప్పాలి. పెద్ద సంస్థలు వేలాది దుకాణాలకు పంపే రోజువారీ మిశ్రమాలను నగరం మధ్యలో వేయించరు. వాటికి వేరే కర్మాగారాలు ఉంటాయి. అంతమాత్రాన రోస్టరీలోని యంత్రం బొమ్మ కాదు. స్టార్‌బక్స్ 2014 డిసెంబరులో సియాటిల్‌లో తన మొదటి రిజర్వ్ రోస్టరీని తెరిచినప్పుడు, తక్కువ మొత్తాల్లో దొరికే ప్రత్యేకమైన గింజలను అక్కడే, జనం కళ్లెదుటే వేయించి ఇతర దుకాణాలకు కూడా పంపింది. ఆ తరువాత 2017లో షాంఘైలో, 2018లో మిలాన్, న్యూయార్క్ నగరాల్లో, 2019లో టోక్యో, షికాగో నగరాల్లో అదే పద్ధతిలో రోస్టరీలు వచ్చాయి. షికాగోలోని అయిదంతస్తుల భవనం మధ్యలో 56 అడుగుల ఎత్తైన ఉక్కు పీపా ఉంది. దాన్ని శిల్పం అనుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారే ఎక్కువ, కానీ అది వేయించిన గింజలను కొంతకాలం నిలవ ఉంచే పాత్ర. ఎందుకు నిలవ ఉంచాలన్నదే తరువాతి అపోహకు జవాబు.

అపోహ: యంత్రంలోంచి అప్పుడే దిగిన గింజలతో చేసిన కాఫీయే అన్నిటికన్నా రుచిగా ఉంటుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే: "ఈ పళ్లెంలోవి కొన్ని తీసి మాకు కాఫీ చేసి ఇవ్వరా?" వేడివేడిగా తినడమే తాజాదనం అన్న అలవాటు మనలో బలంగా ఉండటం వల్ల కాబోలు, కాదన్నప్పుడు వారి ముఖం చిన్నబోతుంది. గింజ వేగేటప్పుడు దాని లోపల బొగ్గుపులుసు వాయువు పెద్ద ఎత్తున పుట్టి, గింజ కణాల్లో చిక్కుకుపోతుంది. దిగిన మరుక్షణం నుంచి అది బయటికి రావడం మొదలవుతుంది. తొలి రోజుల్లో వేగంగా, తరువాత నెమ్మదిగా, వారాల పాటు వస్తూనే ఉంటుంది. ఆ వాయువు నిండుగా ఉన్న గింజలను పొడి చేసి వేడి నీళ్లు పోస్తే, పొడి పొంగి బుడగలు కక్కుతుంది తప్ప నీరు దానిలోకి సరిగా ఇంకదు. డికాషన్ పలచగా దిగుతుంది, నాలుక మీద ఒక రకమైన గరుకు పులుపు మిగులుతుంది. ఎస్ప్రెసోలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ నీరు ఒత్తిడితో అర నిమిషం లోపే పొడిలోంచి దూసుకుపోవాలి. నా అనుభవంలో వడపోత కాఫీకి కనీసం మూడు నాలుగు రోజులు, ఎస్ప్రెసోకు వారం నుంచి పది రోజులు ఆగిన గింజలే బాగా పలుకుతాయి. దోరగా వేయించిన వాటికి ఇంకొంచెం ఎక్కువ గడువు కావాలి. కాబట్టి కౌంటరులో మీకు పోసే కాఫీ, ఆ రోజు మీ ఎదుట వేగిన గింజలది కాకపోతే మోసపోయామని అనుకోకండి. అది మీ పట్ల చూపిన శ్రద్ధ.

అపోహ: రోస్టరీ అంతా ఘుమఘుమలాడుతుంటేనే కాఫీ మంచిది.

వాస్తవం: గాలిలో కలిసిన సువాసన కప్పులోకి రాదు. అంతేకాక వేయించే వాసన, తాగే కాఫీ వాసన ఒకటి కావు. పచ్చి గింజల్లో పది నుంచి పన్నెండు శాతం తేమ ఉంటుంది. డ్రమ్ములో పడిన మొదటి నిమిషాల్లో ఆ తేమ ఆవిరవుతూ పచ్చిగడ్డి వాసన, తరువాత ఎండుగడ్డి వాసన వస్తుంది. 150 డిగ్రీల సెల్సియస్ దాటే సరికి గింజ పసుపు రంగుకు తిరిగి, రొట్టె కాలుతున్న వాసన మొదలవుతుంది. డ్రమ్ముకు ట్రయర్ అనే చిన్న గరిటె అమర్చి ఉంటుంది. దాన్ని బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈ మార్పులన్నీ ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి. పని ఒత్తిడి లేని సమయంలో మర్యాదగా అడిగితే చాలామంది రోస్టర్లు (గింజలు వేయించేవారు) మీకు ఒకసారి వాసన చూపిస్తారు. ఇక పొగ విషయానికి వస్తే, పెద్ద యంత్రాల నుంచి వెలువడే పొగను నేరుగా నగరం మీదికి వదలకుండా మరోసారి మండించి శుద్ధి చేసే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల బాగా నడుస్తున్న రోస్టరీలో పొగ వాసన తక్కువగా ఉండటం సహజం.

అపోహ: ఇప్పుడు అంతా కంప్యూటరే చేస్తుంది, రోస్టరు పక్కన నిలబడటం నాటకం.

వాస్తవం: తెర మీద కనిపించే రేఖ గింజల ఉష్ణోగ్రతను క్షణక్షణం నమోదు చేస్తుంది, మంటను, గాలిని సర్దడంలో ఎంతో సాయపడుతుంది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఉష్ణోగ్రత, గింజల గుట్టలో ఒక చోట దూర్చిన కడ్డీ చెప్పే మాట మాత్రమే. సుమారు 200 డిగ్రీల దగ్గర గింజలు పేలాలు పేలినట్టు చిటపటలాడతాయి. మేం దీన్ని మొదటి క్రాక్ అంటాం. అక్కడి నుంచి డ్రమ్ము తలుపు తీసేదాకా ఉండే ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ కాఫీ రుచి దాదాపుగా ఖాయమవుతుంది. ఆ కాసేపు రోస్టరు చెవి చిటపట మీద, కన్ను ట్రయర్‌లోని రంగు మీద, చేయి తలుపు పిడి మీద ఉంటాయి. ఒకసారి నేను సరిగ్గా ఆ సమయంలో ఒక సందర్శకుడి ప్రశ్నకు జవాబు చెబుతూ అర నిమిషం ఆలస్యంగా తలుపు తీశాను. తెర మీది రేఖలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరునాడు రుచి చూసే బల్ల దగ్గర మాత్రం, ఉండవలసిన పండు పులుపు అణగిపోయి, గుటక చివర మాడు చేదు తగిలింది. కొండవాలు మీద ఎవరో ఒక్కొక్క పండు ఏరి కోసిన పంట అది. ఆ బ్యాచ్‌ను మేం అమ్మలేదు, అప్పటి నుంచి క్రాక్ మొదలయ్యాక నేను ఎవరితోనూ మాట్లాడను. మీరు పలకరించినప్పుడు రోస్టరు చేయి చూపి ఆగమంటే దయచేసి నొచ్చుకోవద్దు. గింజలు పళ్లెంలో పడిన తరువాత అడగండి, తీరిగ్గా చెబుతారు.

పళ్లెం దగ్గరకు వచ్చారు కాబట్టి అక్కడ ఏం చూడాలో చెబుతాను. అడుగున చిల్లులున్న ఆ గుండ్రటి పళ్లెంలో చేతులు తిరుగుతూ గింజలను కలుపుతుంటాయి, కింద నుంచి ఫ్యాను గాలిని లాగుతుంటుంది. నాలుగైదు నిమిషాల్లో గింజలు చల్లబడాలి, లేకపోతే బయటికి వచ్చాక కూడా తమ వేడికి తామే వేగుతూ ఉంటాయి. గోధుమ రంగు గింజల మధ్య అక్కడక్కడా వేరుసెనగ పప్పులా పాలిపోయిన గింజలు కనిపిస్తే, అవి చెట్టు మీద పండకముందే కోసినవి. వాటిలో చక్కెర చాలక రంగు తిరగలేదు. అవి ఎన్ని ఉన్నాయన్నది తోటలో పండు కోత ఎంత శ్రద్ధగా జరిగిందో చెబుతుంది. గింజ మధ్య గాడిలో అంటుకుని ఉండే సన్నని తెల్లటి పొట్టును కూడా గమనించండి. మిగతా పొట్టంతా వేగేటప్పుడే ఊడి గాలితో పాటు వేరే డబ్బాలోకి చేరుతుంది.

అపోహ: ఎంత నల్లగా వేయిస్తే అంత ఘాటు, అంత ఎక్కువ కెఫీన్. గింజల మీద నూనె మెరిస్తే అది తాజా సరుకు.

వాస్తవం: చేదును బలంగా భావించడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. వేయించడం వల్ల కెఫీన్ పెద్దగా తగ్గదు, పెరగనే పెరగదు. కెఫీన్ ఎక్కువ, తక్కువలు ముఖ్యంగా గింజ జాతిని బట్టి ఉంటాయి. రోబస్టాలో అరబికాకు దాదాపు రెట్టింపు ఉంటుంది. అయితే నల్లగా వేగిన గింజ ఎక్కువ బరువు కోల్పోయి, ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి, చెంచాతో కొలిస్తే దాని పొడి తూకం తక్కువై కెఫీన్ కూడా కొంచెం తక్కువే పడుతుంది. నూనె సంగతి కూడా అంతే: బాగా వేగి కణాలు చిట్లిన గింజల్లోంచి నూనె పైకి ఉబికి వస్తుంది, గాలి తగిలి త్వరగా కమురు వాసన పట్టేది కూడా అదే. దోరగా వేగిన గింజ మీద నూనె లేకుండా పొడిగా ఉండటం లోపం కాదు.

అపోహ: సంచి మీద మల్లె, నిమ్మ, చాక్లెట్ అని రాస్తే అవి కలిపినట్టే.

వాస్తవం: సువాసన ద్రవ్యాలు కలిపిన కాఫీలు వేరే ఉన్నాయి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది. రోస్టరీలో ఒకే తోట పేరుతో అమ్మే గింజల మీద కనిపించే పేర్లు మాత్రం రుచి చూసినవారికి గుర్తుకొచ్చిన పోలికలు. ఆ రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి వేసి, 93 డిగ్రీల దగ్గర నీళ్లు పోసి, నాలుగు నిమిషాల తరువాత పైన కట్టిన తెట్టును చెంచాతో విరిచి వాసన చూస్తారు. చల్లారుతున్న కొద్దీ చప్పరిస్తూ పోలుస్తారు. పండుతో సహా ఎండబెట్టిన గింజల్లో పండ్ల తీపి, గుజ్జు కడిగి ఎండబెట్టిన వాటిలో తేటైన పులుపు తరచుగా తెలుస్తాయి. రోస్టరీలో ఇటువంటి రుచి చూసే కార్యక్రమం ఉంటే, ఖరీదైన పానీయం కన్నా దానికే సమయం కేటాయించమని నా సలహా.

అపోహ: ఏ వేళ వెళ్లినా వేయించడం చూడవచ్చు.

వాస్తవం: యంత్రానికి ఒక వేళాపట్టిక ఉంటుంది. వెళ్లేముందు అడిగి తెలుసుకోండి.

అపోహ: ఇంటికి కొనుక్కున్న సంచిని ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుంది.

వాస్తవం: ఫ్రిజ్‌లోంచి తీసిన ప్రతిసారీ చల్లటి గింజల మీద గాలిలోని తేమ చేరుతుంది, పక్కనున్న వస్తువుల వాసనలు కూడా పడతాయి. గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు, వేడి తగలని అల్మారాలో ఉంచితే చాలు. సంచికి ఉన్న చిన్న రంధ్రం వాసన చూడటానికి పెట్టింది కాదు, లోపలి వాయువును బయటికి పంపి బయటి గాలిని రానివ్వని కవాటం అది. కొనేటప్పుడు వాడవలసిన గడువు తేదీతో సరిపెట్టుకోకుండా, వేయించిన తేదీ ఎక్కడుందో వెతకండి. కనబడకపోతే కౌంటరులో అడగండి. వారం కిందటి తేదీ ఉన్న సంచి, ఆ రోజు తేదీ ఉన్న సంచి పక్కపక్కన ఉంటే, ఇంటికి వెళ్లగానే కాఫీ పెట్టుకోవాలనుకునేవారు వారం కిందటిదే తీసుకోవాలి.