ముంజల కాలంలో వచ్చిన తేగ

చిరంజీవులు బుజ్జితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నోడు అడిగిన దానికి అప్పటికప్పుడు ఏదో చెప్పి దాటేయడం ఇష్టంలేక ఉత్తరం రాస్తానన్నాను. "నాన్న కారులో 'పెట్ సౌండ్స్' అని బీచ్ బాయ్స్ వాళ్ల పాత ఆల్బమ్ పెడతాడు తాతయ్యా. ప్రపంచంలోకెల్లా గొప్పవాటిలో ఒకటంటాడు. మరి అది వచ్చిన కొత్తల్లో అమెరికాలో జనం ఎందుకు అంతగా కొనలేదు? అప్పటివాళ్లకి చెవుల్లేవా?" అనేగా అడిగావు? చెవులు ఉన్నాయి నాన్నా. అయితే ఆ ఏడాది వాళ్ల నోరు వేరే రుచికి అలవాటుపడి ఉంది.

ఇక్కడ మనూళ్లో ఇప్పుడు తేగల రోజులు. తాటిచెట్టు మీకు తెలుసు, పోయిన వేసవిలో వచ్చినప్పుడు దాని కిందే కూర్చుని ముంజలు తిన్నారు. కాయ కొట్టగానే బొటనవేలు గుచ్చి, నీళ్లు చొక్కా మీద కారుతుంటే జుర్రుకోవడమే. ఆలోచించే పనిలేదు. అదే చెట్టు పండు భాద్రపదంలో రాలుతుంది. గుజ్జు తిన్నాక మిగిలిన టెంకల్ని ఇసక నేలలో పాతరేస్తాం. మొలక భూమి లోపలికి దిగి, మూడు నాలుగు నెలలకి తేగ అవుతుంది. తవ్వి, కాల్చి, పీచు తీసి, మెల్లగా నమలాలి. చెట్టు ఒకటే, తినే తీరే వేరు.

ఇప్పుడు బీచ్ బాయ్స్ దగ్గరికి వద్దాం. లాస్ ఏంజిలెస్‌లో మీ ఇంటికి పెద్ద దూరం కాని హాథోర్న్ అనే ఊళ్లో పుట్టిన బృందం అది. బ్రయన్, డెన్నిస్, కార్ల్ విల్సన్ అన్నదమ్ములు. మైక్ లవ్ వాళ్ల మేనత్త కొడుకు, బ్రయన్ కంటే పెద్దవాడు, అంటే మన లెక్కలో బావ. అల్ జార్డిన్ స్నేహితుడు. 1961లో మొదలుపెట్టి ఎండ, సముద్రం, అలల మీద పలకలేసుకుని జారే ఆట, కార్లు, ఇవే పాడారు. అన్నీ ముంజలు! చల్లగా, తియ్యగా, విన్నవెంటనే నోటికొచ్చేసేవి. వాటిని తక్కువ చేయకండి. ముంజ గొప్పతనం ముంజది.

1964 చివర్లో ఒకనాడు విమానంలో బ్రయన్‌కి ఉన్నట్టుండి భయం కమ్మి ఊపిరాడలేదు. ఆ తర్వాత అతను ఊరూరూ తిరిగి పాడటం మానేసి స్టూడియోలో ఉండిపోయాడు. 1966 జనవరిలో మిగతావాళ్లు జపాన్‌లో కచేరీలు చేస్తుంటే, ఇతను డ్రమ్స్ వాయించే హాల్ బ్లెయిన్, బేస్ గిటార్ వాయించే కారల్ కే లాంటి స్టూడియో కళాకారుల్ని కూర్చోబెట్టుకుని వాద్యాలు రికార్డు చేస్తూ పోయాడు. పాటలకి మాటలు టోనీ ఆషర్ అనే, వ్యాపార ప్రకటనలు రాసే కుర్రాడితో కలిసి రాసుకున్నాడు. బృందం తిరిగొచ్చి గొంతులు కలిపింది. అప్పటికి బ్రయన్‌కి 23 ఏళ్లు. ఆ వయసు పిల్లాడు నేలలోపల ఏం పెంచుతున్నాడో పైనున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి!

బుజ్జితల్లీ, ఆ ఆల్బమ్‌లో మోగేది నిజంగా సైకిల్ బెల్లేనా అన్నావుగా, ఆ సంగతి. 'యూ స్టిల్ బిలీవ్ ఇన్ మీ' పాటలో వినిపించేది నిజంగా సైకిల్ బెల్లే. ఆ బాణీని మొదట చిన్నతనం గురించిన పాటకి అనుకున్నారు. తర్వాత మాటలు మారిపోయాయి, బెల్లూ హారనూ మాత్రం టేపులో ఉండిపోయాయి. ఆ పాట మొదట్లో వినిపించే మోత, ఒకరు పియానో మెట్లు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు లోపలి తీగల్ని మీటగా వచ్చింది. ఆఖరి పాట 'కరోలిన్, నో' మొదట్లో కొట్టింది ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల డబ్బా. చివర రైలు వెళ్తుంటే మొరిగేవి బ్రయన్ పెంచుకున్న బనానా, లూయీ అనే కుక్కలే. తేగలు తవ్వినప్పుడు టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు దొరుకుతుందే, స్పాంజిలా, తియ్యగా! తేగ కోసం పాతరేస్తే అదీ దొరికింది. ఇవీ అలాంటివే.

మా నాయనమ్మ పెరట్లో పాతర వేసి, మీద ముళ్లకంప కప్పేది. మేం పిల్లలం రోజూ దాని చుట్టే తిరిగేవాళ్లం. ఒక మూల గోకి చూద్దామని మా అన్నయ్య, వద్దని నేను. నాయనమ్మ వరండాలోంచే, "తొందరపడితే చిటికెనవేలంత కూడా రాదురా" అని అరిచేది. సంక్రాంతి ముందు తవ్వించి, కుండలో పెట్టి కాల్పించి, మా చేతికిచ్చి, "చీల్చు, లోపల చందమామ చూడు" అనేది. తేగ నడుమ ఉండే ఆ లేత ఆకు కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. సాయంత్రాలు పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గరికి పోయి కూర్చునేవాళ్లం. గొంతు, వయొలిన్, మృదంగం అన్నీ ఒకే పెట్టెలోంచి, ఒకే వైపు నుంచి వచ్చేవి. ఇది ఊరికే చెప్పడంలేదు. బ్రయన్‌కి కుడిచెవి దాదాపు వినపడేది కాదు. అందుకే 'పెట్ సౌండ్స్'ని మోనోలోనే, అన్ని వాద్యాలూ ఒకేచోట కలిసిపోయేట్టు సిద్ధం చేశాడు. కుడిఎడమలుగా విడిపోయిన స్టీరియో రూపం 1997లో గానీ రాలేదు.

ఆల్బమ్ 1966 మే 16న వచ్చింది. చూశారా, సరిగ్గా ముంజల కాలం! అంతకుముందు వేసవిలో వాళ్లిచ్చిన 'సమ్మర్ డేస్' అమెరికా అమ్మకాల పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది. ఇది 10 దగ్గరే ఆగిపోయింది. పదో స్థానం ఓటమేమీ కాదు, కానీ వాళ్ల మీద పెట్టుకున్న ఆశకి అది తక్కువే. ఎండలో ఆడుకుందామని వచ్చినవాళ్ల చేతిలో, పెద్దవాళ్లవుతున్న పిల్లల దిగులు పెట్టాడు బ్రయన్. 'నేను ఈ కాలానికి తగినవాణ్ణి కాను' అని చెప్పుకునే పాట కూడా ఉంది అందులో. రికార్డు కంపెనీ క్యాపిటల్‌కీ నమ్మకం కుదరలేదు. రెండు నెలలైనా తిరక్కముందే, జూలైలో, పాత హిట్లన్నీ ఏర్చి 'బెస్ట్ ఆఫ్ ది బీచ్ బాయ్స్' అని అమ్మకానికి పెట్టేసింది. తేగల బుట్ట పక్కనే ముంజల బండి నిలబెట్టినట్టు! బండి దగ్గరే జనం మూగారు. నాకు ఇప్పటికీ ఆ పని మీద కోపమే.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ 2వ స్థానానికి చేరి నెలల తరబడి పైనే ఉంది. అప్పటికే బృందంలో చేరిన బ్రూస్ జాన్స్టన్ మే నెలలో ఆ రికార్డు లండన్ తీసుకెళ్లి, హోటల్ గదిలో ఇంగ్లండు బృందం బీటిల్స్‌లోని జాన్ లెనన్‌కీ పాల్ మెకార్ట్నీకీ వినిపించాడు. అసలు బ్రయన్‌కి ఇలాంటి ఆల్బమ్ చేయాలన్న పట్టుదల పుట్టిందే ఆ బీటిల్స్ వాళ్ల 'రబ్బర్ సోల్' ఆల్బమ్ విని. ఇప్పుడు ఇది విని వాళ్లకి పట్టుదల పుట్టింది. 1967లో వాళ్లు తెచ్చిన 'సార్జంట్ పెప్పర్స్' వెనక 'పెట్ సౌండ్స్' ఉందని మెకార్ట్నీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. తన పిల్లలకి తలా ఒక రికార్డు కొనిచ్చాడట ఆయన, బతుకులో తెలుసుకోవలసింది అందులో ఉందని. పోటీ అంటే అలా ఉండాలర్రా. ఎదుటివాడి పని చూసి కుళ్లుకోకుండా, ఇంటికెళ్లి మన పని ఇంకా బాగా చేయాలి.

అమెరికాలో పది లక్షల కాపీలకి ఇచ్చే ప్లాటినం గుర్తింపు ఆల్బమ్‌కి వచ్చింది 2000లో. అంటే 34 ఏళ్లు పట్టింది. 2004లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతి దాచుకోవలసిన రికార్డుల్లో చేర్చింది. 2025 జూన్ 11న, 83వ పుట్టినరోజుకి కొద్దిరోజుల ముందు బ్రయన్ కన్నుమూశాడు. మీ నాన్న ఆ వారమంతా కారులో అదే ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొక మాట. మీకు ఈ ఆల్బమ్ ఇప్పుడు నచ్చకపోతే నచ్చిందని అబద్ధం చెప్పొద్దు, నాన్న కోసమైనా సరే. అలాగని చెత్త అని పారేయొద్దు. పక్కన పెట్టి, పదిహేనేళ్లొచ్చాక ఒకసారి, ఇరవైలో ఒకసారి వినండి.

విల్సన్‌ల ఇల్లు ఇప్పుడు లేదు, ఫ్రీవే వేసేటప్పుడు పడగొట్టేశారు. ఆ చోట గుర్తుగా చిన్న కట్టడం ఉంది. ఆదివారం నాన్నని తీసుకెళ్లమనండి. దారిలో 'గాడ్ ఓన్లీ నోస్' పెట్టించండి. పాడింది తమ్ముడు కార్ల్, అప్పటికి 19 ఏళ్లవాడు. పాట చివర్లో ఒక గొంతు అదే మాట అందుకుంటుంది, అది పూర్తికాకుండానే ఇంకొకటి, దాని వెనక మరొకటి. అక్కడ ఏం జరుగుతుందో, వింటుంటే గుండెల్లో ఎందుకలా అవుతుందో నాకు వివరించడం చేతకాదు. మీరే వినండి. మొత్తం ఎన్ని గొంతులు తిరుగుతున్నాయో లెక్కపెట్టి, ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకుని, నాకు ఫోను చేయండి.

మీ తాతయ్య