కారంలో క్షారం లేదు

గుంటూరులో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పాను. అన్నేళ్లలో నన్ను నిజంగా ఇరుకున పెట్టిన ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగింది. వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ. నేను బోర్డు మీద ఆమ్లాలు, క్షారాలు అని రాస్తుంటే వెనక బెంచీలోంచి లేచి, "మాస్టారూ, క్షారమంటే కారమే కదండీ? క్షారం చేతికి సబ్బులా జారుతుందన్నారు, మరి మా ఇంట్లో కారం జారదేమండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడు అన్నదాంట్లో సగం నిజం.

సంస్కృతంలోని క్షారమే తెలుగులో కారమైంది. పాత పచారీ కొట్టు సరుకుల్లో ఆ మాట ఇంకా కనిపిస్తుంది. కంసాలి వాడే వెలిగారం, బట్టల మురికి వదలగొట్టే సజ్జకారం, బాణసంచాలో పడే సూరేకారం, వీటిలో ఏదీ తాలింపులోకి పనికిరాదు. బూడిద నీళ్లలాగా, సున్నంలాగా ఒంటికి తగిలితే మంట పెట్టేది ఏదైనా మన పెద్దలకు కారమే. మిరపకాయ పోర్చుగీసు వాళ్ల వెంట ఈ దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో. అదీ మండించింది కాబట్టి అదీ కారమే అయింది. ఇవాళ గుంటూరులో కారం అంటే మిరపపొడి తప్ప మరొకటి గుర్తుకు రాదు. మాట ఒక్కటే, పదార్థాలు వేరు. ఆ సంగతి నోటితో చెబితే పిల్లలు నమ్మరని ప్రయోగం చేసి చూద్దామన్నాను.

ప్రయోగశాలలో లిట్మస్ కాగితాలు ఉన్నాయి కానీ వాటి జోలికి పోలేదు. దుగ్గిరాల పసుపు కాస్త స్పిరిట్‌లో కలిపి, వడగట్టి, అందులో వడపోత కాగితం ముంచి ఆరబెట్టాం. పండు నిమ్మకాయ రంగు కాగితం తయారైంది. దాన్ని ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయించాను. సున్నపు తేట పడగానే ముక్క ఎర్రబారింది. బట్టల సబ్బు నీళ్లకూ అంతే. పసుపు మరక పడిన పంచెను సబ్బుతో రుద్దితే మరక ఎర్రగా మారడం చూడని తెలుగు ఇల్లు ఉండదు, కాబట్టి పిల్లలకు అది వింత అనిపించలేదు. వంటసోడా నీళ్లకు ముక్క నారింజ రంగు దగ్గరే ఆగిపోయింది. ఇక అసలు పరీక్ష. పచ్చిమిరపకాయలు దంచి పిండిన రసం ఆ కుర్రాడి చేతే వేయించాను. ముక్క పచ్చగానే ఉంది. వాడు నమ్మక ఇంకో చుక్క వేశాడు. అప్పుడూ పచ్చగానే ఉంది.

మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది క్షారం కాదు సరికదా, దాని అణు నిర్మాణంలో ఫినాల్ భాగం ఉంది కాబట్టి బంధుత్వం కలిపితే ఆమ్లాల వైపే కలపాలి, అదీ బహు బలహీనమైన దూరపు చుట్టరికం. అది నాలుకను కాల్చదు. నాలుక మీద వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంది; దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే అది తలుపు తెరుస్తుంది. క్యాప్సైసిన్ ఆ తలుపును చల్లగా ఉండగానే తెరిచేస్తుంది, మెదడు నోరు కాలుతోందని మోసపోతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సున్నం అలా కాదు, నిజంగానే కాలుస్తుంది. చర్మంలోని నూనెను సబ్బుగా మార్చేస్తుంది, ఆ జారుడు అందుకే. మిర్చి బజ్జీ మీద నిమ్మకాయ పిండేది మంట విరుగుతుందని అనుకునేవారు ఉన్నారు. రుచికి పిండుకోవచ్చు, నేనూ పిండుకుంటాను. కానీ విరగడానికి అక్కడ క్షారమే లేదు. పైగా పులుపు కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. నీళ్లలో క్యాప్సైసిన్ కరగదు కాబట్టి నీళ్లు తాగినా లాభం లేదు. పెరుగో పాలో నయం.

పసుపుకు ఒక లోపం ఉంది. అది ఒక వైపే చూస్తుంది. మంచినీళ్లు వేసినా, నిమ్మరసం వేసినా, గోంగూర ఉడికించిన నీళ్లు వేసినా అదే పచ్చదనం. ఆమ్లమో క్షారమో ఎంతుందో చెప్పే అంకె పీహెచ్; అది 7.4 దాటితే పసుపు కదలడం మొదలుపెట్టి, 8.6 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఎర్రబారుతుంది. ఆ కింద ఏం జరిగినా దానికి పట్టదు. ఎర్ర మందార రేకులు నలిపిన రసం రెండు వైపులా చూస్తుంది. పులుపు తగిలితే ముదురు గులాబీ రంగు, సబ్బు నీళ్లు తగిలితే ఆకుపచ్చ. రంగు చూసి ఏ వైపో చెప్పవచ్చు, ఎంతో చెప్పడం కష్టం. ఆ "ఎంత"కు అంకె పెట్టినవాడు సోరెన్‌సెన్. కోపెన్‌హాగెన్‌లో బీరు కంపెనీ పెట్టిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1909లో పీహెచ్ కొలమానం ప్రతిపాదించాడు.

మంచినీళ్లు కూడా నిశ్చలంగా ఉండవు. స్వచ్ఛమైన నీటిలో ఏ క్షణంలో చూసినా దాదాపు 55 కోట్ల అణువులకు ఒకటి చొప్పున అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న ముక్కలుగా, విడిపోయి ఉంటుంది, ఒక ముక్క హైడ్రోజన్ అయాను, రెండోది హైడ్రాక్సైడ్ అయాను. (హైడ్రోజన్ అయాను ఒంటరిగా ఉండదు, మరో నీటి అణువును పట్టుకునే తిరుగుతుంది. పరీక్షలో మార్కులు కావాలంటే అది రాయాలి, ఇక్కడ అక్కర్లేదు.) రెండూ సమానంగా ఉన్న ఆ స్థితికి పెట్టిన అంకె 7. ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ అయాన్లు పెరిగి అంకె తగ్గుతుంది, క్షారం కలిస్తే అవి తగ్గి అంకె పెరుగుతుంది. తలకిందుల లెక్క అని పిల్లలు విసుక్కునేవారు. దానికన్నా గుర్తుంచుకోవలసిన సంగతి, ఒక్క అంకె జరిగితే పదింతలు మారుతుందని. పెరుగు పీహెచ్ 4.5, నిమ్మరసం 2.5 అనుకోండి. తేడా రెండే కదా అనిపిస్తుంది. నిజానికి నిమ్మరసంలో హైడ్రోజన్ అయాన్లు నూరు రెట్లు ఎక్కువ. మరి నిమ్మకాయ పెరుగుకు నూరు రెట్లు పుల్లగా ఉంటుందా? ఉండదు.

ఇక్కడ ఆ కుర్రాడి వాళ్ల నాన్న పనిచేసే చోటు నాకు అక్కరకొచ్చింది. యార్డులో ఒక ఉదయం ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగాయో లెక్కపెట్టవచ్చు. కానీ ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో నిల్వ ఉన్న టిక్కీలు ఆ లెక్కలోకి రావు. టిక్కీలను హైడ్రోజన్ అయాన్లు అనుకుంటే, పీహెచ్ చెప్పేది యార్డులో దిగిన టిక్కీల లెక్క మాత్రమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరుకంతా యార్డులోనే దించేసే రైతు, అందుకే అది బలమైన ఆమ్లం. గోంగూరలోనూ నిమ్మలోనూ చింతపండులోనూ ఉన్న ఆమ్లాలు కోల్డ్ స్టోరేజీ రైతులు. కొంచెమే దించుతాయి, అది ఖర్చయితే ఇంకొంచెం తెచ్చి దించుతాయి. నాలుకకు ఆ నిల్వ కూడా తెలుస్తుంది. అందుకే ఒకే పీహెచ్ ఉన్న రెండు ద్రావణాల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కన్నా వెనిగర్ పుల్లగా ఉంటుంది. పీహెచ్ మీటరు తప్పు చెబుతోందని కాదు, దాన్ని అడిగిన ప్రశ్న వేరు.

మీటరంటే గుర్తొచ్చింది. అది పుట్టిందీ నిమ్మకాయల వల్లే. 1934లో కాలిఫోర్నియాలో పండ్ల రైతుల సంఘం ప్రయోగశాలలో పనిచేసే రసాయనవేత్త ఒకాయన నిమ్మరసం పులుపు కొలవలేక తన పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్ దగ్గరికి వెళ్లాడు. రసం చెడిపోకుండా కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ లిట్మస్ రంగును తినేస్తోంది. బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడుకు రేడియోల్లో వాడే వాల్వులు తగిలించి పరికరం చేసిచ్చాడు. ఇప్పుడు జేబులో పట్టే మీటర్లన్నీ దాని వారసులే.

సున్నం సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి, అది మన జిల్లా సరుకు. ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరిన పిడుగురాళ్ల పేరు చెబితే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. అక్కడి సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది, 56 కిలోలు రాతి సున్నంగా మిగులుతుంది. పాత పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. నాకు ఆ పేరే ఇష్టం, నీళ్లలో కరిగితే పులుపు ఇస్తుందని పేరులోనే ఉంది. మూతిలో గోలీ బిగించిన సోడా పీహెచ్ నాలుగుకు కాస్త అటూ ఇటూ ఉండేది ఈ వాయువు వల్లే.

నా చిన్నతనంలో సంక్రాంతికి ముందు పెరట్లో గుంత తవ్వి సున్నపురాళ్లు వేసి నీళ్లు పోసేవారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టేవారు. మొదట ఏమీ జరగదు. తర్వాత రాయి పగులు విచ్చుకుంటుంది, బుసబుసమని ఆవిరి లేస్తుంది, చూస్తుండగానే గుంతంతా పొయ్యి లేకుండా ఉడుకుతుంది. బట్టీలో రాయిలోకి ఎక్కించిన శక్తిలో కొంత నీళ్లు తగలగానే తిరిగి బయటికి వస్తుందన్నమాట. చల్లారాక పైన తేరిన తేట పీహెచ్ 12.4 ఉంటుంది. అది కళ్లలో పడితే చూపే పోవచ్చు. తమలపాకుకు రాసుకునే సున్నం కూడా ఇదే కుటుంబం. అందుకే కొలత మించితే నోరు పొక్కుతుంది.

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని బడిలో వల్లె వేయిస్తాం. నిజమే. కానీ దాని వెనకే లవణం అంటే ఇటూ కాక అటూ కాక మధ్యలో ఉండేదని ఒక అపోహ పిల్లల మనసులో దిగిపోతుంది. ఆ తప్పు మా ఉపాధ్యాయులదే. చినగంజాం ఉప్పు నీళ్లలో కలిపితే ఏ వైపూ మొగ్గదు, అంతవరకు సరే. చాకలి సోడా కూడా లవణమే, దాని నీళ్లు పసుపు కాగితాన్ని ఎర్రగా చేస్తాయి. పటికా లవణమే, దాని నీళ్లు పుల్లగా, వగరుగా ఉంటాయి, పీహెచ్ మూడు, నాలుగుల మధ్య. పుట్టింటి వాళ్లలో ఎవరు బలవంతులైతే లవణం వాళ్ల పోలికే.

పటిక పనితనం చూడాలంటే వరద రోజుల్లో బెజవాడ వెళ్లాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారిన కృష్ణ నీటిని ఎవరూ మరిచిపోలేదు. అలాంటి నీళ్లు బిందెలో పట్టి రాత్రంతా ఉంచినా తేరవు. బంకమట్టి రేణువులు మరీ చిన్నవి, పైగా అన్నిటి మీదా రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూ ఉంటాయి. పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పితే అందులోని అల్యూమినియం అయాన్లు ఆ ఆవేశాన్ని చల్లారుస్తాయి. అంతటితో ఆగక నీటితో కలిసి జిగురులాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి మట్టిని పోగుచేసుకుని అడుగుకు దిగుతాయి. ఆ మార్పులో హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. నదినీటిలో సహజంగా ఉండే బైకార్బనేట్లు వాటిని మింగేస్తాయి కాబట్టి తాగేవారికి పులుపు తెలియదు. బైకార్బనేటు చాలని నీటికి నీటిశుద్ధి కేంద్రాల్లో సున్నం కలుపుతారు. ఒక చేత్తో పటిక, ఇంకో చేత్తో సున్నం.

నీళ్లు తేరినంత మాత్రాన సూక్ష్మజీవులు పోవు, దానికి బ్లీచింగ్ పౌడరు. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది, హైపోక్లోరస్ ఆమ్లంగానూ, దాని అయానుగానూ. క్రిములను చంపడంలో ఆమ్లమే గట్టిది. ఆవేశం లేదు కాబట్టి కణంలోకి సులువుగా దూరుతుంది. పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. 8.5కు వెళితే ఆమ్లం వాటా పదో వంతుకు పడిపోతుంది. వేసిన పొడి అంతే, పని మాత్రం తగ్గుతుంది. అలాగని పీహెచ్ తగ్గించబోయి బ్లీచింగ్ మీద బాత్‌రూమ్ యాసిడ్ పోశారో, క్లోరిన్ వాయువు లేస్తుంది. మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వరద తీశాక ఇళ్లు కడుక్కునే తొందరలో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

ఆ ప్రయోగం అయిపోయాక మర్నాడు ఆ కుర్రాడు స్టాఫ్ రూముకు వచ్చాడు. వాళ్ల అక్క పెళ్లి మొన్ననే అయిందట. గడపలో కొత్త దంపతులకు దిష్టి తీయడానికి కలిపిన ఎర్రనీళ్లలో పసుపు, సున్నం తప్ప ఏమీ లేవని వాళ్ల అమ్మను అడిగి తెలుసుకున్నాడు. "నిన్న ఇంట్లో మళ్లీ కలిపి చూశానండీ, నిమ్మకాయ పిండితే పచ్చబడ్డాయి, సున్నం వేస్తే మళ్లీ ఎర్రబడ్డాయి" అన్నాడు. పచ్చబడినవి పారబోసి కొత్తగా కలిపి పళ్లెంలో వదిలేయమన్నాను. రెండు రోజుల తర్వాత పళ్లెం పట్టుకునే వచ్చాడు. ఎరుపు వెలిసిపోయింది. క్షారంలో ఎక్కువసేపు ఉంటే పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్ విరిగిపోతుంది. నీటి మీద పలచని తెల్లటి తెట్టు, అంచు చుట్టూ గరుకుగా తెల్లని గీత. వాడు గోటితో గీకి, "ఇదేమిటి మాస్టారూ, సున్నమేనా?" అన్నాడు. గీత మీద నిమ్మరసం చుక్క వేయమన్నాను. సన్నగా బుడగలు లేచాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని సున్నం మళ్లీ రాయి అయింది, బట్టీలోకి వెళ్లకముందు పిడుగురాళ్లలో ఉన్న రాయే.